ఏడో పంపుతో నేను అన్న మాటలు

పెద్ద పోటుకు ఇంకా పంతొమ్మిది రోజులు

రాసుకో. నా పేరు మైలపల్లి పోలమ్మ. వయసు డెబ్భై ఒకటో, డెబ్భై మూడో. పని, కట్ట మీద ఏడో పంపు. చదువు రాదు. ఫిర్యాదు పెట్టినవాళ్ళు విచారణ అయ్యేదాకా జరిగింది జరిగినట్టు ఈ పెట్టెకు చెప్పాలట. చెబుతున్నాను. నా మాటను ఇది పుస్తకాల తెలుగులోకి దిద్ది రాస్తుందట. దిద్దుకోనీ. మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటల జోలికి మాత్రం వెళ్ళొద్దని ముందే చెప్పాను. నోటివాటం పోతే అన్న మాటే పోతుంది.

నా ఫిర్యాదు ఒక్కటే. ఏడో పంపుకు రెండో మనిషి కావాలి. పెద్ద పోటు రాకముందే కావాలి.

ఎందుకో చెబుతాను. కట్టకు అవతల సముద్రం మా ఇళ్ళ కప్పులకన్నా ఎత్తున ఉంది. కట్ట కింద నుంచి ఊరిన నీళ్ళు కాలువ వెంట వచ్చి నా పంపు గుంతలో పడతాయి. పంపు వాటిని మళ్ళీ సముద్రంలోకి తోసేస్తుంది. గుంత అడుగున జల్లెడ ఉంది, దానికి నాచు పడుతుంది. రోజుకు మూడుసార్లు ఒకరు గుంతలోకి దిగి నాచు లాగాలి. అంతసేపూ ఇంకొకరు పైన మీట పట్టుకుని పంపును నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. పైన మనిషి లేకపోతే పంపు ఆపి దిగాలి. ఆపితే నీళ్ళు పల్లపు వీధిలోకి వెళతాయి. అక్కడ అరవై ఇళ్ళు ఉన్నాయి. పోటు రోజు నాచు గంటకోసారి పడుతుంది.

పన్నెండేళ్ళు నా రెండో మనిషి దానయ్య. వానల ముందు అతణ్ణి తీసుకెళ్ళి విశ్రాంతి ఇంట్లో పెట్టారు. అతని బిళ్ళ అంకె ఇరవై రెండు.

బిళ్ళ అంటే మెడ కింద అందరికీ అతికించిన ఈ రేకు. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు తనతో తాను ఏమనుకుంటాడో వింటుంది. ఇరవై అడుగుల లోపల ఇంకో బిళ్ళ లేకపోతే ఒంటరి అని దాని లెక్క. తన మీద తనకు ఎంత దయ ఉందో చూసి నూటికి ఇంత అని వేస్తుంది. తుఫాను సంవత్సరం తరవాత పెట్టారు. ఆ సంవత్సరం సముద్రం పట్టుకుపోయినవాళ్ళు కొందరే. బతికి బయటపడి, తమను తాము తిట్టుకుని తిట్టుకుని సముద్రంలోకి నడిచిపోయినవాళ్ళు అంతకు రెట్టింపు. కాబట్టి బిళ్ళ చెడ్డదని నేను అనడం లేదు. ముప్పై ఐదుకు తగ్గితే బరువు పని తీసేస్తారు, పక్కన మనిషిని ఇస్తారు. బాగుంది. తొంభై దాటితే ఎంత కష్టాన్నైనా ఒంటరిగా ఓర్చుకోగలరని రాసుకుంటారు.

నా అంకె తొంభై ఏడు. అందుకని నాకు తోడు అక్కర్లేదట.

ఆ తొంభై ఏడు నాది కాదు. మాటలు నావే. నాకు చెప్పుకున్నవి కావు. పంపుకు చెప్పినవి.

ఆగు, బెల్టు జారుతోంది.

ఇంకా పదిహేడు రోజులు

ఈరోజు కొలతల ఆఫీసుకు వెళ్ళాను. వెళ్ళిరావడానికి ముప్పావు గంట. అంతసేపు పంపును ఎనిమిదో పంపు ఆవిడకు అప్పగించి వెళ్ళాను. ఆమె రెండిటి మధ్యా పరిగెత్తి నన్ను తిట్టుకుని ఉంటుంది.

ఆఫీసులో ఎస్తేరు అని ఒకామె ఉంది. ముప్పై ఏళ్ళు ఉంటాయి. మెట్ట ప్రాంతం మనిషి, మంచి నీళ్ళకు కూడా థాంక్స్ చెబుతుంది.

"నాను మాటాడింది పంపుతోనమ్మా," అన్నాను.

ఆమె నవ్వింది. "చాలామంది తమకు తాము ఒక ముద్దుపేరు పెట్టుకుంటారు పోలమ్మగారూ. మా దగ్గరకు వచ్చే ఒకాయన తనను గుర్రం అని పిలుచుకుంటాడు. మీరు పంపు అనుకుంటారు. అదీ దయే."

"గుర్రం సంగతి నాకు తెల్దు. ఏడో పంపుకి ఇనప మూతుంది, బెల్టుంది. నాకుందేటి?"

"'నీ వాషరు అరిగిపోయింది, అది నీ తప్పు కాదు తల్లీ' అన్నారు మీరు. ఎంత లోతైన మాటండీ! మా పెద్దలు రెండుసార్లు పెట్టించుకుని విన్నారు."

"అరిగిపోయింది వాసరేనమ్మా. తోలు వాసరు. పదిసార్లు అడిగితే ఒకటిచ్చారు. అదీ సైజు సాల్లేదు."

ఆమె ఏదో రాసుకుంది. నా ముఖంలోకి చూసింది. "మరి 'నీలో గాలి చేరింది, అంతే. గాలి వదిలేస్తే నువ్వే లాగుతావు' అన్నది?"

"గాలి సేరితే పంపు నీళ్ళు లాగదు. మూతి విప్పి గాలి వదలాల. మీ ఆపీసులో పంపు చూసినోళ్ళు ఒక్కలైనా ఉన్నారేటి?"

"లేరండీ," అంది. ఆ ఒక్క మాట నిజాయితీగా అంది.

అయినా ఫిర్యాదు కొట్టెయ్యలేదు. విచారణ పోటుకు రెండు రోజుల ముందు అని చెప్పింది. ఈలోగా నాలాగే మాట్లాడే ఇంకో పంపు మనిషిని సాక్షిగా తెమ్మంది. అదెంత పని అనుకున్నాను.

ఇంకా పదిహేను రోజులు

నాకు ఒళ్ళు మండిపోతున్న సంగతి ఇంకొకటి చెప్పాలి.

నా మాటలను పొద్దుటి పాఠంగా పెట్టారు. వీధి చివరి బాకాలో ఎవరో సన్నటి గొంతు అమ్మాయి చదువుతుంది. "కంగారు పడకు తల్లీ. నెమ్మదిగా తిరుగు. ఈ ఒక్క పోటు దాటితే చాలు." పళ్ళు తోముకుంటూ, పొయ్యి వెలిగిస్తూ జనం దాన్నే వల్లిస్తారు. నిన్న పల్లపు వీధిలో ఒక ముసలాయన మెట్ల మీద జారి కూర్చున్నాడు. చుట్టూ చూసి ఎవరూ లేరనుకుని, "నా వాషరు అరిగింది. నా తప్పు కాదు," అని లేచి వెళ్ళిపోయాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పల్లపు వీధి మొదటి ఇల్లు బంగారమ్మది. గట్టి మనిషి, నోరూ గట్టిదే. కుళాయి దగ్గర నన్ను పట్టుకుంది.

"ఏటత్తా, తొంబై ఏడంట గదా! ఊరందరి మీదా కుక్కనాగ అరుత్తావు. నీ మీద నీకు మాత్రం ఎంత ముద్దో! ఒక్కద్దానివీ కూకుని తల్లీ బంగారం అనుకుంతావేటి?"

కుళాయి దగ్గర అందరూ నవ్వారు.

"ఆ మాటలు పంపుతో అన్నవి," అన్నాను.

"ఓలమ్మ! ఇనుముకి ముద్దులు, మడుసులకి తిట్లు. అదింకా బాగుంది," అంది.

బిందె ఎత్తుకుని వచ్చేశాను. సగం దారిలో జవాబు తట్టింది. వెనక్కి వెళ్ళి చెప్పడానికి టైము లేదు. జల్లెడ చూడాలి.

ఆ మాట నిజం కాబట్టి గుచ్చుకుంది. నేను మనుషుల మీద అరుస్తాను. పంపు మీద ఎందుకు అరవనో కూడా రాసుకో. మొదట ఏడో పంపు చూసింది నా మేనత్త నూకాలు. నన్ను పనిలో పెట్టుకున్న రోజు ఆమె, "కోపం గుమ్మం బయట ఇడిసి రా," అంది. కోపంగా ఉన్న చెయ్యి మీటను విసురుగా లాగుతుంది. విసురుకు బెల్టు తెగుతుంది. బెల్టు తెగితే వీధి మునుగుతుంది. నోరు మెత్తగా ఉంటే చెయ్యి మెత్తగా ఉంటుంది. అందుకని పంపుతో మెత్తగా మాట్లాడాలి. ఇది కట్ట మీద పది పంపుల వాళ్ళకూ ఉన్న పద్ధతి. ఇందులో లోతు ఏమీ లేదు. బెల్టు దొరకదు, అంతే.

ఇంకా పదమూడు రోజులు

సాక్షి కోసం మూడో పంపు లోవరాజు దగ్గరకు వెళ్ళాను. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, అక్క వరసలో నన్ను అప్పా అంటాడు. పంపును పెద్ద కూతురిలా చూసుకుంటాడు.

"నీ అంకెంతరా?" అన్నాను.

"తొంబై నాలుగప్పా." ఛాతీ విరుచుకున్నాడు.

"నీ మీద నీకంత దయుందేటి?"

"నాకేటి తెలుసు? ఉందంటన్నారు గదా!"

"లేదురా. నువ్వూ పంపుతోనే మాటాడతావు. వచ్చి ఆ ముక్క సెప్పు."

గొంతు తగ్గించాడు. "అప్పా, తొంబై నాలుగొచ్చినాక మా కోడలు నాకు మొదటిసారి ముందుగా అన్నమెట్టింది. 'మావయ్య మనసు గొప్పది' అని ఈదిలో సెప్తంది. ఇప్పుడెల్లి అది నా మనసు కాదు, మిసనుతో మాట అని సెప్పమంటావేటి?"

"నీ రెండో మనిసినీ తీసుకుపోనారు గదరా."

"పోనారు. సచ్చిపోతన్నాను. కానీ అన్నం ముందుగా ఎడతంది."

మిగతా పంపుల వాళ్ళదీ ఇదే వరస. పది మందికీ తొంభై దాటింది. నీటి పని చేసేవాళ్ళకు తమ మీద తమకు దయ ఎక్కువ అని కొలతల ఆఫీసు నివేదిక కూడా రాసిందట. దాన్ని చూసి మిగతా తొమ్మిది పంపుల నుంచీ రెండో మనిషిని తీసేశారు. కట్ట మీద ఇప్పుడు ఒంటరి ముసలివాళ్ళం మాత్రమే ఉన్నాం.

లోవరాజును తిట్టి వచ్చాను. గుమ్మం బయటే.

ఇంకా పదకొండు రోజులు

దానయ్యను చూడటానికి వెళ్ళాను. నిజానికి సాక్ష్యం అడగడానికే వెళ్ళాను, ఎందుకు దాచాలి?

విశ్రాంతి ఇల్లు ఎత్తున మెట్ట మీద ఉంది. నీళ్ళ చప్పుడు వినబడదు. అక్కడ నాకు నిలబడటం కూడా చేతకాలేదు. చేతులు మీట కోసం వెతుక్కుంటున్నాయి.

దానయ్య కొంచెం ఒళ్ళు చేశాడు. తుఫాను రోజు అతను భార్యతో, "ఇల్లు కదలకు, నాను పంపు చూసి వత్తాను," అని నా దగ్గరకు వచ్చాడు. ఆ ఇల్లు లేదు, ఆమె లేదు. పని చేస్తున్నంతసేపు బాగుండేవాడు. పని అయ్యాక కట్ట చివరికి పోయి ఒంటరిగా తనను తాను తిట్టుకునేవాడు. నేను దూరం నుంచి చూసేదాన్ని. ఒక్కసారైనా దగ్గరకు వెళ్ళి ఏమీ అనలేదు. నా పంపు నాకుంది.

"నీ అంకెంతరా ఇప్పుడు?"

"నలబై ఒకటప్పా. పొద్దుట పాటం వల్లిత్తన్నాను గదా, దానివల్ల."

ఆ మాటలు పంపువి అని విచారణలో తేలితే పాఠం ఆపేస్తారు. పాఠం ఆపితే ఇతని నలభై ఒకటి ఏమవుతుంది? దారంతా తయారు చేసుకున్న మాటలు మింగేసి లేచాను.

"ఏటప్పా, వచ్చిన పని సెప్పకుండా ఎల్లిపోతన్నావు?"

"ఏటీ లేదు."

"పిర్యాదు ఎట్టీసావంట గదా." నవ్వాడు. "ఆ మాటలు ఏడో పంపువని నాకు తెల్దనుకుంటన్నావా? పన్నెండేళ్ళు నీ పక్కన ఇన్నాను. బాకాలో మొదటి రోజు ఇన్నప్పుడే నవ్వొచ్చింది."

"తెలిసీ ఎలగ వల్లిత్తన్నావురా?"

"గుంతలో నాచు లాగినప్పుడల్లా పైనుంచి నీ మాట ఇనబడేది. కంగారు పడకు తల్లీ అని. పంపుకేలే, నాకు తెలుసు. అయినా ఒకో పాలి పంపుతో పాటు నాకూ అన్నట్టు ఇనుకునీవోణ్ణి. ఇప్పుడూ అంతే. పాటం ఆపుతే ఆపుకోనీ. నాకు బాకా ఎందుకు? నీ గొంతు నాకు తెలుసు."

సాక్ష్యం చెప్పడానికి అక్కడి వైద్యులు అతణ్ణి బయటికి పంపరట. ఇంకా నెల రోజులు పడుతుందట. సరే అని వచ్చేశాను. ఎనిమిదో పంపు ఆవిడ తిట్టింది. తిట్టనీ.

ఇంకా తొమ్మిది రోజులు

ఇవాళ మధ్యాహ్నం పడ్డాను.

నాచు బాగా పట్టింది. పంపు మూలుగుతోంది. ఆపి దిగాను. ఆపేముందు, "రెండు నిమసాలు ఓపిక పట్టు తల్లీ," అన్నాను. మూడో మెట్టు మీద పాచి ఉంది. కుడి భుజం గోడకు కొట్టుకుని గుంతలో పడ్డాను. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. చెయ్యి పైకి లేవలేదు. ఎడమ చేత్తో నాచు లాగి, ఎడమ చేత్తోనే నిచ్చెన పట్టుకుని పైకి వచ్చాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. పంపు తిప్పితే గాలి చేరిపోయింది. మూతి విప్పి, గాలి వదిలి, మళ్ళీ నీళ్ళు పోసి తిప్పాను. లాగింది.

అప్పటికి పల్లపు వీధిలో చీలమండ దాకా నీళ్ళు.

బంగారమ్మ తడిసిన చీరతో పరిగెత్తుకుంటూ వచ్చింది. "ముసిలీ! నిద్దరోయావేటే? నా బియ్యం డబ్బా తేలింది! మంచం కింద నీల్లు! నీ మీద నీకు దయైపోయి మమ్మల్ని ముంచీసినావు!"

నేను తిరిగి అరవాల్సింది. గుమ్మం లోపల ఉన్నాను. మీట మీద చెయ్యి ఉంది. ఆమె నా చెయ్యి చూసింది. ఒక చెయ్యి మీట మీద, ఇంకొకటి వేలాడుతోంది. అరుపు ఆపి వెళ్ళిపోయింది.

నొప్పి బాగా ఉంది. ఇక చెప్పలేను. ఆపు.

ఇంకా ఎనిమిది రోజులు

ఎముకలాయన వచ్చి భుజం లోపలికి నెట్టి కట్టు కట్టాడు. చెయ్యి కదపొద్దన్నాడు. మీట ఎవరు పట్టుకుంటారని అడిగితే అది తన పని కాదన్నాడు.

వెనకే ఎస్తేరు వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. చేతిలో బిళ్ళల అంకెలు చూపించే పలక ఉంది.

"పోలమ్మగారూ, నిన్న మీ అంకె తొంభై ఎనిమిది."

"పడ్డందుకు ఒకటెక్కువేసారేటి?"

"గుంతలో పడి, చెయ్యి కీలు తప్పి, 'నీ తప్పేటీ లేదు తల్లీ, ఇదిగో వచ్చీసాను, బయపడకు' అన్నారు. మీ మాటల్లో ఇంత దయ ఎప్పుడూ నమోదు కాలేదు. చదివి మా ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు." పలక దించింది. "నేను కొట్టలేదు. పడింది మీరైతే, 'వచ్చేశాను' అని ఎవరికి చెప్పారా అని ఆలోచించాను."

"ఇప్పుడు తెలిసిందా?"

"పంపు తిప్పి చూపించండి," అంది.

చూపించాను. గాలి ఎలా చేరుతుందో, మూతి ఎలా విప్పాలో, వాషరు ఎక్కడ ఉంటుందో. అరిగిపోయిన పాత వాషరు మేకుకు వేలాడుతుంటే తీసి చేతిలో పెట్టాను. దాన్ని చాలాసేపు చూసింది. ఒక్కసారి ఆమెకు నవ్వు వచ్చింది. అంతలోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదాండీ! దీని మీద నేను పద్దెనిమిది పేజీలు రాశాను," అంది.

మాటలన్నీ మళ్ళీ విని, పంపుకు అన్నవి ఒక పక్కకు, నాకు నేను అనుకున్నవి ఒక పక్కకు వేరు చేస్తానంది. అప్పుడు నా అసలు అంకె వస్తుంది. ముప్పై ఐదుకు తక్కువ ఉంటే తోడు ఖాయం అంది.

తక్కువే ఉంటుంది, నాకేం అనుమానం లేదు.

ఈలోపల ఎడమ చేత్తో నడిపిస్తున్నాను. ఎనిమిదో పంపు ఆవిడ రోజుకు మూడుసార్లు వచ్చి నాచు లాగి పోతోంది. ఆమెకు అరవై ఆరు. నన్ను తిట్టడం కూడా మానేసింది. అదే నాకు భయంగా ఉంది.

ఇంకా రెండు రోజులు

విచారణ అయింది. వరసగా చెబుతాను. నువ్వు కూడా వరస తప్పకుండా రాయి.

బడి హాల్లో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. మధ్యలో సత్తిరాజు, ఒకప్పుడు కట్ట కట్టించిన ఇంజినీరు. వెనక బెంచీల మీద పల్లపు వీధివాళ్ళు పాతిక మంది, ముందు వరసలో బంగారమ్మ.

ఎస్తేరు లేచి చదివింది. పద్నాలుగు నెలలు. ఒంటరిగా ఉన్నప్పుడు పలికిన మాటలు అరవై రెండు వేలు. అందులో పంపుతో అన్నవి ఇన్ని. బెల్టుతో, వాషరుతో అన్నవి ఇన్ని. నాచును తిట్టినవి కొన్ని. అన్నీ తీసేసింది. ఆ పైన కాగితం మడిచేసింది.

"అంకె చెప్పమ్మా," అన్నాడు సత్తిరాజు.

"లేదండీ."

"సున్నానా?"

"సున్నా కాదండీ. ఖాళీ. పద్నాలుగు నెలల్లో ఆమె తనతో తాను ఒక్క మాట కూడా అనుకోలేదు. మంచిదీ లేదు, చెడ్డదీ లేదు."

నాకు నవ్వు వచ్చింది, కోపం వచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

"తిట్టుకుంటే తోడిస్తాం. తనను తాను ఓదార్చుకుంటే గట్టి మనిషి అంటాం," అన్నాడు సత్తిరాజు. "ఖాళీకి నిబంధన లేదు పోలమ్మా. ఏం చెయ్యమంటావు?"

"రేపు కాదు ఎల్లుండి పోటు బాబూ. నిబందన నీల్లనాపుతాదేటి?"

ముగ్గురూ గుసగుసలాడుకున్నారు. చివరికి సత్తిరాజు ఒక దారి చెప్పాడు. అందరూ ఇరవై అడుగుల అవతలికి వెళతారు. పావుగంట నేను హాల్లో ఒంటరిగా ఉండి నాతో నేను మాట్లాడుకోవాలి. వచ్చిన అంకెను బట్టి నిర్ణయం.

అందరూ వెళ్ళిపోయారు. తలుపు వేశారు.

నాకు తిట్లు కరువా? ముప్పై ఐదు ఏం ఖర్మ, మూడుకు దించగలను. రెండు నిమిషాలు నన్ను నేను కడిగేస్తే మనిషి వస్తుంది, వీధి బతుకుతుంది. బిళ్ళను మోసం చేయడం తప్పని నాకు అనిపించలేదు. అదీ నన్ను మోసం చేసింది కదా. "ఓసి," అనబోయాను.

ఆ ఓసి తరవాత ఏం రావాలో తెలియలేదు. ఎవరిని పిలవాలి? అందరూ అత్తా అంటారు, అప్పా అంటారు, ఏడో పంపు ముసలి అంటారు. నన్ను నేను ఎప్పుడూ పిలవలేదు. ఎదురుగా మనిషి లేకుండా తిట్టు ఎవరి మీద పడుతుంది? హాలు అంతా తిరిగాను. బెంచీలు సర్దాను. కిటికీ ఊచలు లెక్కపెట్టాను. పంపు చప్పుడు లేని చోట నా ఊపిరే పెద్ద మోతలా ఉంది. గడియారం కదులుతోంది. కట్టు కింద భుజం సలుపుతోంది. ఏడు రోజులుగా సలుపుతూనే ఉంది. నేను దాని వైపు చూడలేదు. పంపు ఇలా మూలిగితే ఒక్క నిమిషం ఆగి ఉండేదాన్నా?

అప్పుడు నోట్లోంచి వచ్చింది. గొంతు నాది కాదనిపించింది.

తలుపు తీశారు. ఎస్తేరు పలక చూసి నా వైపు చూసింది.

"చదవమ్మా," అన్నాడు సత్తిరాజు.

ఆమె చదివింది. "'పోలమ్మా, బుజం నొప్పిగుందేటే?' ఆ తరవాత, 'ఉంది.' అంతేనండీ."

"ఎంత వచ్చింది?"

"అంకె వేయడానికి కనీసం రెండు వందల మాటలు కావాలండీ. ఇవి నాలుగు."

సత్తిరాజు కళ్ళజోడు తీశాడు. "నాలుగు మాటలతో నేనేం నిర్ణయించను?"

నాకు ఇక ఓపిక లేదు.

"నొప్పిగుందని సెప్పింది గదయ్యా!" అన్నాను. "ఇంక కొలవడమేటి? మనిసిని పంపు."

ఎస్తేరు వెళ్ళి సత్తిరాజు ముందు మనిషిని ఇచ్చే ఉత్తరువు కాగితం పెట్టింది. అంకె వేసే గడిలో గీత కొట్టింది. కింద తన పేరు రాసింది. సత్తిరాజు దాన్ని తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పి చూశాడు.

"మిగతా తొమ్మిది పంపుల సంగతి?" అన్నాడు.

"ఆళ్ళనీ అడగండి, నొప్పిగుందా అని. లోవరాజు లేదంటాడు. రెండోసారి అడగండి."

సంతకం పెట్టాడు. కానీ రెండు రోజుల్లో పని తెలిసిన మనిషిని ఎక్కడి నుంచి తేవాలన్నాడు. వెనక బెంచీ కిర్రుమంది.

"పని తెలిసినోళ్ళు దేనికి బాబూ?" అంది బంగారమ్మ. "నాచు లాగడానికి చదువు గావాలేటి? నాను దిగుతాను. మునిగీది నా ఇల్లే గదా."

పెద్ద పోటు రోజు

ఇంక ఎక్కువ చెప్పను.

బంగారమ్మ తెల్లారేసరికి చీర గోచీ పోసి వచ్చింది. కోపం గుమ్మం బయట విడిచి రమ్మన్నాను. "నా కోపం ఇడిత్తే నాలో ఏటి మిగులుతాదత్తా?" అంది. మిగిలినదానితో రమ్మన్నాను.

పొద్దున్న నుంచి తొమ్మిదిసార్లు దిగింది. నేను ఎడమ చేత్తో మీట పట్టాను. నాలుగోసారి గుంతలోంచి బూతులు వినిపించాయి.

"పంపునేటీ అనకే!" అని అరిచాను.

"పంపుని కాదత్తా, నాచుని!"

"నాచుని తిట్టుకో. నాచుకి పరవాలేదు."

పోటు ఎక్కినంత ఎక్కింది. కట్ట మీద నుంచి నురగ లేచి పంపు ఇంటి గోడ మీద పడింది. పల్లపు వీధి కాలువ నిండింది, గడప దాటలేదు. మూడో పంపుకు లోవరాజు కోడలే వెళ్ళిందట. ఇంకా నాలుగు పంపులకు మనుషులు రాలేదు. రేపు దాని గురించి మళ్ళీ వెళ్ళి అరవాలి.

ఇప్పుడు నీళ్ళు దిగుతున్నాయి. బంగారమ్మ చేతులు తుడుచుకుని వచ్చి మీట పట్టుకుంది. నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

"లెగత్తా. కుంపటి మీద నీల్లు కాగుతన్నాయి. బుజానికి కాపడం ఎట్టుకో. ఎవలో ఒకలు సెప్పాల గదా, లేపోతే నువ్వు సెప్పుకోవు."

"గాలి సేరితే?"

"మూతి ఇప్పుతాను. పొద్దున్నే నేర్పినావు గదా. లెగు!"

నొప్పి భుజం నుంచి మోచేతి దాకా దిగింది. చేతిలో గుడ్డ ఉంది, నీళ్ళు వేడిగా ఉన్నాయి. ఇక రాయకు.